జీపు కమాన్లు – ఎత్తు పెంచితే ఏమవుతుంది?

దసరా సెలవుల్లో నేను చూసి నేర్చుకున్న సంగతి ఇది.

మా మామకు పాత మహీంద్రా జీపు ఉంది. తలుపుల నుంచి మా తండాకు దారంతా గుండ్లు, గుంతలే. అడుగు తగులుతోందని ఒక్కో కమాన్ కట్టకు 5 పట్టీలుంటే 7 చేయించినాడు. జీపు ఎత్తు లేచింది. మాకు ఒకటే సంతోషం!

కానీ ఖాళీగా పోతే ఎగిరెగిరి పడేది. ఎందుకు? కమాను బరువుకు వంగి గుంత దెబ్బను మింగుతుంది. అదే మందం పట్టీలు 5 నుంచి 7 అయితే బిగువు సుమారు 1.4 రెట్లు. పట్టీ మందమే రెండింతలైతే బిగువు 8 రెట్లు! బిగువెక్కితే వంగదు, దెబ్బంతా మన నడుముకే.

ఇంకో చిక్కు. ఎత్తు పెరిగితే గరిమనాభి పైకి పోతుంది, మలుపులో పల్టీ కొట్టే ప్రమాదం ఎక్కువ. ఇరుసు మాత్రం లేవదు, అది టైరు సైజును బట్టే ఉంటుంది.

ఒకరోజు కిందికి దూరి చూస్తే బ్రేకు రబ్బరు పైపు దారంలా బిగిసి ఉంది! జనంతో దిగేటప్పుడు తెగింటే? మామ ఆ పొద్దే అదనపు పట్టీలు తీయించినాడు.

"ఎత్తు కాదురా అల్లుడూ, నిలకడ కావల్ల" అన్నాడు.

మిత్రులారా, జీపు ఎక్కే ముందు ఒకసారి కిందికి వంగి చూడండి!