తెర నల్లగా ఉంటే కంప్యూటర్ పోయినట్లేనా?

నేను ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండగా మన స్టడీ రూములోని పాత కంప్యూటర్ నాలుగు నెలలు గుడ్డ కప్పుకుని మూలన కూర్చుంది. బటన్ నొక్కితే ఫ్యాన్ తిరిగేది గానీ తెర వెలిగేది కాదు. రిపేరు షాపతను వచ్చి చూసి, మానిటర్ పోయింది, కొత్తది కొనాలన్నాడు. డబ్బు ఎక్కడిది? ఆ ఏడాది పదో తరగతి తమ్ముళ్ళు మౌస్ పట్టుకోకుండానే హాస్టల్ వదిలి వెళ్ళారు. చివరికి ఒక సీనియర్ అన్న పెన్సిల్ రబ్బరుతో దాన్ని బాగుచేశాడు. ఆయన దగ్గర నేర్చుకున్నదీ, తర్వాత నేను చేసి చూసినదీ ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా మానిటర్ సంగతి తేల్చాలి. దాని పవర్ వైరు ఉంచి, సీపీయూ అని మనం పిలిచే డబ్బాకు వెళ్ళే కేబుల్ మాత్రం పీకి, మానిటర్ ఆన్ చేయండి. 'నో సిగ్నల్' అనో 'చెక్ కేబుల్' అనో అక్షరాలు కనిపిస్తే మానిటర్ బతికే ఉంది. మా మానిటర్‌లో అక్షరాలు చక్కగా వచ్చాయి. షాపతను ఈ ఒక్క పని చేయలేదు.

తర్వాత కేబుల్. నీలం రంగు వీజీఏ ప్లగ్గులో మూడు వరుసల్లో 15 పిన్నులుంటాయి. వంగిన పిన్ను ఉందేమో చూడండి. మధ్య వరుసలో ఒకటి లేకపోతే కంగారు పడొద్దు, చాలా కేబుళ్ళకు తయారీలోనే అది ఉండదు. బొమ్మ వస్తూ పసుపుగా కనిపిస్తే నీలం రంగు సిగ్నల్ అందడం లేదని, గులాబీ ఛాయలో ఉంటే ఆకుపచ్చ అందడం లేదని అర్థం. ప్లగ్గు స్క్రూలు బిగిస్తే చాలాసార్లు సరిపోతుంది. డబ్బా వెనుక రెండు వీజీఏ సాకెట్లుంటే కేబుల్‌ను రెండో దానికి కూడా పెట్టి చూడండి.

ఇవన్నీ బాగుంటే అసలు అనుమానితుడు ర్యామ్. తెర మీద బొమ్మ రాకముందే బయాస్ అనే ప్రోగ్రాము ర్యామ్‌ను పరీక్షిస్తుంది. అది అందకపోతే అక్కడే ఆగిపోతుంది, తెర నల్లగానే ఉంటుంది. లోపల స్పీకరు ఉంటే బీప్ శబ్దాలు కూడా వస్తాయి. అవార్డ్ బయాస్‌లో ఒక పొడవాటి బీప్, రెండు పొట్టి బీప్‌లు వస్తే తప్పు డిస్‌ప్లే కార్డుది. కంపెనీని బట్టి ఈ లెక్క మారుతుంది.

వార్డెన్ సారుకు చెప్పి, పవర్ వైరు పూర్తిగా పీకి, ఆన్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టండి. మిగిలిన కరెంటు పోతుంది. డబ్బా ఇనుప భాగాన్ని ఒకసారి తాకండి, లేకపోతే మన ఒంట్లోని స్థిరవిద్యుత్తుకే చిప్పులు పాడవుతాయి. రెండు వైపులా క్లిప్పులు వెనక్కి నొక్కితే ర్యామ్ పైకి లేస్తుంది. బంగారు రంగు అంచును మెత్తటి రబ్బరుతో నెమ్మదిగా రుద్ది, పొట్టు బోర్డు మీద పడకుండా దూరంగా దులపాలి. స్లాటులో దుమ్ము మెత్తటి బ్రష్‌తో తీసి, క్లిప్పులు 'టక్' అనేదాకా ర్యామ్‌ను నొక్కాలి. మాకు ఆ రోజు పది నిమిషాలు పట్టింది.

కంపెనీ గుర్తు కనిపించి, విండోస్ వచ్చేసరికి 'అవుట్ ఆఫ్ రేంజ్' అంటే వైర్ల తప్పు కాదు, ఎవరో సెట్టింగ్ మార్చారు. ఎక్స్‌పీ ఉన్న పాత కంప్యూటర్లలో ఆన్ చేయగానే ఎఫ్8 నొక్కుతూ ఉండి, 'ఎనేబుల్ వీజీఏ మోడ్' ఎంచుకుని రిజల్యూషన్ తగ్గించండి.

ఒక్క విషయం. వెనుక పెద్ద పొట్ట ఉన్న పాత సీఆర్‌టీ మానిటర్‌ను ఎప్పుడూ విప్పవద్దు. దానిలో 20,000 వోల్టులకు పైగా ఉంటుంది, స్విచ్ తీసిన తర్వాత కూడా ఛార్జి నిలిచి ఉంటుంది. పవర్ సప్లై డబ్బా కూడా అంతే. మదర్‌బోర్డు మీద చిన్న డబ్బాల్లాంటి కెపాసిటర్ల తల ఉబ్బి కనిపిస్తే అది మన చేతిలో లేదు, షాపుకు తీసుకెళ్ళాల్సిందే. వెళ్ళినప్పుడు మానిటర్‌లో అక్షరాలు వచ్చాయని, ర్యామ్ తుడిచామని, బీప్ ఎలా వచ్చిందో ముందే చెప్పండి.