డ్యూటీ రోజున వచ్చిన క్రిస్మస్

కువైట్‌లో నా మొదటి క్రిస్మస్ డ్యూటీలోనే గడిచిపోయింది. అక్కడ డిసెంబరు 25 సెలవు కాదు. తెల్లవారుజామున కంపెనీ బస్సు ఎప్పటిలాగే వచ్చింది. ఈరోజు మా పండుగని నేనెవరికీ చెప్పలేదు. ఎవరూ పలకరించలేదని మాత్రం రోజంతా కుమిలిపోయాను. రాత్రి అమ్మకు ఫోన్ చేస్తే వెనక నుంచి చర్చి మైకు, పిల్లల గోల వినిపించాయి. నాకు మాట పెగల్లేదు.

ఊళ్లో పండుగ దానంతటదే వస్తుంది. డిసెంబరు పుట్టగానే ఇళ్ల మీద నక్షత్రాలు వెలుగుతాయి. సెమీ క్రిస్మస్‌లు, అర్ధరాత్రి తలుపు తట్టే పాటల బృందాలు, అరిసెల పాకం వాసన... మనం ముసుగుతన్ని పడుకున్నా ఊరు లేపి కూర్చోబెడుతుంది. పరాయి దేశంలో లేపేవాళ్లుండరు. అక్కడ కూడా ఎవరో వచ్చి లేపుతారని ఎదురుచూశాను. నా దిగులంతా అందులోంచి పుట్టిందే.

మరుసటి ఏడాది నవంబరులోనే సూపర్‌వైజర్‌ని షిఫ్టు మార్చమని అడిగాను. వెంటనే ఒప్పుకున్నాడు. "పోయినేడు ఎందుకు చెప్పలేదు?" అన్నాడు. ఆ ఒక్క మాట అడగడానికి నాకు ఏడాది పట్టింది! బిడియాన్ని మర్యాద అనుకుంటూ బతుకుతాం. నోరు విప్పకుండా మన మనసు ఎదుటివాడే కనిపెట్టాలనుకోవడం అన్యాయం.

ఆ ఏడు ఊరి నుంచి ఎవరి లగేజీలోనో వచ్చిన అరిసెలు పనిచోట పంచాను. సిరియా ఫోర్‌మన్ ముస్లిం. గుండె మీద చెయ్యి వేసుకుని "ఈద్ మీలాద్ మజీద్" అన్నాడు. అరబ్బీలో క్రిస్మస్ శుభాకాంక్షలు అలాగే చెబుతారు. ఈజిప్టు ఎలక్ట్రీషియన్ అరిసె అందుకుని, తాను కాప్టిక్ క్రైస్తవుడినని, తమ క్రిస్మస్ జనవరి 7న అని చెప్పాడు. వాళ్ల పండుగలు పాత క్యాలెండరు లెక్కన వస్తాయి. ఏడాదిగా పక్కపక్కనే పనిచేస్తున్నాం, నాకీ సంగతే తెలియదు. పోయిన జనవరి ఏడున అతనూ నాలాగే ఎవరికీ చెప్పకుండా వైర్లు లాగుతూ ఉండుంటాడు. ఒంటరితనం నా ఒక్కడిదే అనుకున్నందుకు సిగ్గేసింది. ఆ జనవరి ఏడున అతనికి శుభాకాంక్షలు చెప్పిన మొదటివాణ్ని నేనే.

మా ఆరాధన కువైట్ నగరంలోని నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ఆవరణలో జరిగేది. అమెరికన్ మిషనరీలు 1931లో కట్టిన చర్చి అది. తెలుగు, మలయాళం, అరబిక్, ఇంకా ఎన్నో భాషలవాళ్లకు అదొక్కటే ప్రాంగణం. వారాంతపు సెలవు శుక్రవారం కాబట్టి ఆ రోజు రద్దీ ఎక్కువ. మా చివరి పాట అవుతుండగానే మరో భాషవాళ్లు తలుపు దగ్గర నిలబడేవారు. మొదట్లో విసుక్కునేవాణ్ని. తర్వాత తర్వాత మా పాట అయ్యాక వాళ్ల పాట వినడానికి నేనే బయట ఆగేవాణ్ని.

మాకు చర్చికి వెళ్లే వీలైనా ఉండేది. గల్ఫ్‌కు ఇంటిపనికి వెళ్లిన మన కడప, గోదావరి జిల్లాల ఆడవాళ్లలో చాలామందికి పండుగనాడు కూడా గడప దాటే వీలుండదు. మీరు అక్కడే ఉంటే, ఈ డిసెంబరు 24 రాత్రి గదిలో నలుగురూ కూడి పాడుకునేటప్పుడు అలాంటి అక్క ఒకరికి ఫోన్ చేయండి. స్పీకర్ పెట్టి, మీతోపాటు ఆమెనూ పాడమనండి.