బడికి మళ్లీ పోతే నాకేంటి లాభం?

ప్రశ్న: టీచరుగా రిటైరై ఏడాదైంది. పింఛను వస్తోంది, పొద్దే గడవడం లేదు. ఊరికే పోయి పాఠం చెబితే ఒరిగేదేముందని ఇంట్లోవాళ్లు అంటున్నారు.
– ఒక పాఠకుడు, ఎమ్మిగనూరు

జవాబు: ఒరిగేది మీకే ఎక్కువ మాస్టారూ. అమెరికాలోని బాల్టిమోర్‌లో 60 దాటినవాళ్లు వారానికి 15 గంటలు ప్రాథమిక బడుల్లో పిల్లలను చదివించారు. మొదట్లో జరిగిన ఒక చిన్న పరిశీలనలో వాళ్ల నడక పెరిగింది, జ్ఞాపకశక్తీ కొంత మెరుగుపడింది.

అంతదూరం ఎందుకు? ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల నుంచి ఏటా ఎన్నో కుటుంబాలు మిరప కోతలకు గుంటూరు వైపు సుగ్గికి (వలస పనికి) పోతాయి. వెంట పోయిన పిల్లలు తిరిగొచ్చేసరికి అక్షరాలు జారిపోయి ఉంటాయి. క్లాసు మొత్తాన్ని చూసుకునే టీచరుకు వాళ్ల పక్కన కూర్చునే తీరిక ఎక్కడిది? మీకుంది. మర్చిపోయిన వాక్యాన్ని వాళ్లలో ఒక పిల్ల కూడబలుక్కుని చదివిన రోజు మీకు రాత్రి నిద్ర బాగా పడుతుంది.

రోజంతా ఒప్పుకోకండి. వారానికి మూడు రోజులు, రెండేసి గంటలు చాలు. పెత్తనం మాత్రం ఇంట్లోనే వదిలి వెళ్లండి. రిటైరైన మాస్టార్లకు అదొక్కటీ ఓ పట్టాన పోదు!

సుగ్గి నుంచి వచ్చిన పిల్లల పేర్లు ఈ వారమే హెడ్‌మాస్టరును అడిగి రాసుకోండి.