తవ్విన గోతిలో దాగి ఉన్న ప్రమాదం



మన జంట నగరాలలో ఏ వీధికి వెళ్లినా ఏదో ఒక తవ్వకం కనిపిస్తుంది. ఒకచోట అపార్టుమెంటుకు సెల్లార్, ఒకచోట డ్రైనేజి పైపులకు కాలువ, ఇంకోచోట ఇంటి ముందు సంపు. ఆ గోతులలో దిగి పనిచేసేవారు మన సంఘ కుటుంబాలలో ఉన్నారు. పని చేయించే ఇంటి యజమానులు, మేస్త్రీలు కూడా ఉన్నారు. కనుక ఈ నెల పాఠం అందరికీ.

2025 ఫిబ్రవరి 5న ఎల్.బి. నగర్‌లో సెల్లార్ తవ్వుతుండగా మట్టి కూలి ముగ్గురు కూలీలు మరణించారు. అదే నెల 22న నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం కూలి ఎనిమిది మంది చిక్కుకున్నారు. ఎన్నో దళాలు వారాల తరబడి శ్రమించినా ఒక్కరినీ ప్రాణాలతో తేలేకపోయాయి. మట్టి మీద పడ్డాక మనిషిని కాపాడడం చాలా కష్టం. పడకుండా చూసుకోవడమే అసలైన వైద్యం.

మట్టి ఎందుకు కూలుతుంది?

నేల లోపలి మట్టిని నాలుగు పక్కల మట్టి ఒత్తి పట్టుకొని ఉంటుంది. ఒక పక్క తవ్వగానే ఆ ఆసరా పోతుంది. నిన్న తవ్విన గోడ ఈ రోజు నిలిచే ఉంది కదా అని నమ్మకూడదు. ఎండకు ఆరి పగుళ్లు వస్తాయి. వాన పడితే ఆ పగుళ్లలో నీరు దిగి మట్టి బరువెక్కుతుంది. గట్టున పోసిన మట్టి కుప్ప, పక్కన తిరిగే లారీ, జె.సి.బి. అదురు దానిని మరింత నెడతాయి. మన ప్రాంతంలో మొరం గట్టిదని ధైర్యంగా దిగుతారు. కానీ పాత గోతులు, నాలాల పక్కన పూడ్చిన మట్టిలో ఆ పట్టు ఉండదు.

మట్టి కింద శరీరానికి ఏమవుతుంది?

మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తు ఉన్న తడి మట్టి ఒకటిన్నర నుండి రెండు టన్నులు తూగుతుంది. అంటే రెండు చిన్న కార్ల బరువు. తల పైకి ఉన్నా, ఛాతీ వరకు పూడుకుపోయిన మనిషికి ఊపిరి ఆడదు. గాలి వదిలిన ప్రతిసారీ మట్టి ఇంకాస్త బిగుస్తుంది, తిరిగి పీల్చడానికి ఛాతీ లేవదు. ప్రాణవాయువు అందకపోతే కొద్ది నిమిషాలలోనే మెదడు దెబ్బతింటుంది.

ఇంకొక ప్రమాదం పైకి కనిపించదు. కాళ్లు, తొడలు చాలాసేపు నలిగితే కండరాలు చితికి, వాటిలోని పదార్థాలు రక్తంలో కలుస్తాయి. అవి మూత్రపిండాలను పాడు చేస్తాయి, గుండె లయను తప్పిస్తాయి. బయటకు తీసినప్పుడు మాట్లాడిన మనిషి కొన్ని గంటలకు కుప్పకూలవచ్చు. మూత్రం నల్లటి టీ రంగులో రావడం దానికి గుర్తు.

దిగే ముందు చూడవలసినవి

కేంద్ర ప్రజాపనుల శాఖ భద్రతా నియమాలలోని ముఖ్యమైన మాటలు ఇవి:

1. లోతు 5 అడుగులు దాటితే పక్కలను మెట్లు మెట్లుగా కోయాలి, లేదా చెక్కలతో గట్టిగా ఊతం పెట్టాలి.
2. తీసిన మట్టిని అంచుకు కనీసం 5 అడుగుల దూరంలో పోయాలి. గొయ్యి లోతులో సగం అంతకంటే ఎక్కువైతే, అంత దూరం పోవాలి.
3. లోతు 4 అడుగులు దాటితే నిచ్చెన ఉండాలి. అది అంచుకు పైన 3 అడుగులు రావాలి.
4. పై నుండి కిందికి తవ్వాలి. అడుగున తొలిచి పైమట్టిని వేలాడనివ్వకూడదు.

రోజూ దిగే ముందు, వాన పడిన ప్రతిసారీ గోడలు చూడండి. అంచున పగులు, ఉబ్బిన గోడ, రాలే పెళ్లలు, ఊరే నీరు కనిపిస్తే వెంటనే పైకి వచ్చేయండి. హెల్మెట్ తప్పక పెట్టుకోండి. అయితే అది రాయి దెబ్బ నుండి కాపాడుతుంది గాని కూలే గోడను ఆపదు. గోతిలో ఒంటరిగా పనిచేయవద్దు.

ప్రమాదం జరిగితే

వెంటనే 108కి, అగ్నిమాపక శాఖ 101కి ఫోన్ చేయండి. ఆత్రంగా గోతిలోకి దూకవద్దు. ఒకసారి కూలిన గోడ మళ్లీ కూలుతుంది, కాపాడబోయినవారు కూడా పోతారు. యంత్రాలు ఆపించి, జనాన్ని అంచు నుండి దూరం పంపండి. పక్కలకు ఊతం పెట్టాకే దిగాలి. మనిషి ఉన్నచోట జె.సి.బి.తో తీయవద్దు, చేతులతో, చిన్న పారలతో తీయాలి. ముందు ముఖం, తరువాత ఛాతీ. చేతులు పట్టి లాగితే వెన్నెముక దెబ్బతింటుంది. నోటిలోని మట్టి తీసి, ఊపిరి లేకపోతే నేర్చుకున్నవారు ఛాతీ నొక్కి శ్వాస ఇవ్వాలి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయవద్దు. కాళ్లు ఇంకా మట్టిలో ఉండగానే 108 సిబ్బంది వస్తే సెలైన్ ఎక్కించనివ్వండి.

క్యాజువాలిటీలో మేము మొదట అడిగే ప్రశ్న, 'ఎంతసేపు మట్టిలో ఉన్నారు?' అని. గోడ కూలిన సమయం, బయటకు తీసిన సమయం కాగితం మీద రాసి పంపండి. నొప్పి లేదని చెప్పినా ఆసుపత్రికి తీసుకురండి.

ఇంటి యజమానులకు ఒక మాట

ఊతం చెక్కలకు ఖర్చవుతుందని మేస్త్రీ అంటే, మీరే ఇద్దామని చెప్పండి. జూన్ వానలకు ముందే గొయ్యి పని ముగించండి. చుట్టూ కంచె కట్టండి, పిల్లలు పడకుండా. గొయ్యి తవ్వి మూయనివాడు అందులో పడిన పశువుకు నష్టం చెల్లించాలని నిర్గమకాండము 21వ అధ్యాయం చెబుతోంది. పశువు విషయంలోనే అంత బాధ్యత ఉంటే, మన కోసం గోతిలో దిగిన మనిషి విషయంలో ఎంత ఉండాలి!

భవన నిర్మాణ కూలీలు కార్మిక శాఖ కార్యాలయంలో సంక్షేమ మండలి కార్డు తీసుకోవాలి. 18 నుండి 60 ఏళ్ల లోపువారు, గడచిన ఏడాదిలో 90 రోజులు పనిచేసినవారు అర్హులు. కార్డు ఎక్కడ ఉందో ఇంట్లోవారికి చెప్పండి.

పనికి వెళ్లే మనిషి సాయంత్రం ఇంటికి రావాలి. 'గోడకు ఊతం పెట్టారా?' అని ఈ రాత్రి భోజనం దగ్గర అడగండి.