సహాధ్యాయుల పిలుపు

విద్యార్థినీ విద్యార్థులారా, మీలో పదవ తరగతివారు కొలది దినములలో పరీక్ష వ్రాసి ఈ ఆవరణమును విడిచి పోవుదురు. పోవునపుడు "మరల కలిసికొందము" అని ఒకరి పుస్తకమున నొకరు వ్రాసికొందురు. ఆ మాట నిజమై పిలుపు వచ్చిననాడు పోవలయునా, మానవలయునా అను ప్రశ్న ఇప్పుడు మీకు నవ్వు పుట్టింపవచ్చును. నాకు మాత్రము ఈ సంవత్సరము అది నిద్ర పట్టనీయని ప్రశ్న అయినది.

నా స్వస్థలము కొమరోలు. 1996వ సంవత్సరమున పదవ తరగతి పరీక్ష వ్రాసిన మా జట్టువారు, ముప్పది యేండ్లు నిండు సందర్భమున సంక్రాంతి సెలవులలో సమావేశము కాదలచి, నాకును ఫోనులో వర్తమానము పంపిరి. ఇట్టి ఆత్మీయ సమ్మేళనములు నేడు తెలుగు పల్లెలలో సైతము తరచుగా జరుగుచున్నవి. గురువులకు శాలువలు కప్పుట, బడిగంట కొట్టి వరుసగా నిలుచుట, పాత బల్లలపై కూర్చుండి చిత్రము తీయించుకొనుట, బడికి బీరువాయో మంచినీటి యంత్రమో ఇచ్చుట వీనిలో వాడుక. అమెరికావారు పదవ యేట, ఇరువదియైదవ యేట, యేబదియవ యేట ఇట్లే కూడుదురు.

మన పూర్వులు చదువు ముగిసినపుడు చేయు సంస్కారమును సమావర్తనమనిరి. అనగా మరలి యింటికి వచ్చుట. సమ్మేళనము దానికి ఎదురు నడక. ఆంగ్లేయులు పూర్వ విద్యార్థులను 'ఆలమ్నై' అందురు. లాటిను భాషలో ఆ మాటకు మూలార్థము పెంపుడు బిడ్డలని. పెంచిన తల్లికి కలిగినవాడు, లేనివాడు అను భేదము తోచదు. అది తోబుట్టువులకే తోచును.

సహాధ్యాయులు పెద్దవారై కలిసికొనిన కథలు రెండు మన కావ్యములందు ప్రసిద్ధములు. భారతమున ద్రోణుడును ద్రుపదుడును భరద్వాజుని ఆశ్రమమున కలిసి యాడి, కలిసి చదివినవారు. ద్రుపదుడు పాంచాలమునకు రాజయ్యెను. పాలకై ఏడ్చు కుమారుని చూచి యోర్వలేక ద్రోణుడు పాత నేస్తమును తలచి పోగా, సమానులకే గాని స్నేహము లేదని రాజు త్రోసిపుచ్చెను. ఆ యవమానము పాండవులచేత ద్రుపదుని పట్టి తెప్పించి సగము రాజ్యము గొనువరకు పోయినది. అంతటితో నాగక, కురుక్షేత్రమున ద్రుపదుని కుమారుడు ద్రోణుని తల నరకువరకు సాగినది.

భాగవతమున కుచేలుడు పోవుటకు సంకోచించెను. భార్య ప్రోత్సహింపగా అటుకులు మూట గట్టుకొని ద్వారకకు పయనమయ్యెను. లోనికి పోనిత్తురో లేదో యని దారి పొడుగున దిగులే. కృష్ణుడు ఎదురేగి కౌగిలించుకొని, కాళ్లు కడిగి, ప్రక్కన కూర్చుండబెట్టుకొని జ్ఞాపకము చేసినదేమి? సాందీపుని యింట చదువునాడు కట్టెలకై అడవికి పోగా గాలివాన పట్టుకొన్న సంగతి. కట్టెలు మోసిన చోట ఇద్దరును సమానులే కదా!

ఈ కథలను తరగతిలో ఎన్నియో మారులు చెప్పితిని. అయినను పది యేండ్ల క్రిందటి మా మొదటి సమ్మేళనమున నేను చేసినది వినుడు. ఉద్యోగస్థుల వరుసలో నాకొక కుర్చీ వేసిరి, సంతోషముతో కూర్చుంటిని. ఒక్కొక్కరు లేచి తమ ఉద్యోగము, కట్టిన యిల్లు, పిల్లల చదువు చెప్పుకొనిరి. బడిలో ఐదేండ్లు నా ప్రక్కనే కూర్చున్న మిత్రుడొకడు గణితములో తప్పి, చదువు విడిచి, వానలు లేని యేట మా పడమటి ప్రాంతమువారు పోవునట్లే హైదరాబాదునకు బేల్దారి పనికి పోయినాడు. అతడు ఆనాడు వచ్చి షామియానా చివర నిలిచి యుండుట చూచితిని. భోజనముల వేళ పలుకరింతము లెమ్మనుకొంటిని. ఆ వేళకు అతడు లేడు. తన వంతు రాకమునుపే వెడలిపోయెనట.

ఈ మారు పిలుపు రాగానే అతనికి ఫోను చేసితిని. నన్ను "ఒరే" అని పిలుచువాడు "సారూ" అనెను. "మీరు పోయి రాండి సారూ. నేనాడికొచ్చి ఏం జెప్పుకునేది? చందా రెండు వేలంట, అందరికీ ఒకే రంగు చొక్కాలంట. మూడు దినాల కూలీ గూడా పోతాది." చందా మాట సాకు కావచ్చును. "సారూ" అను మాట సాకు కాదు.

ఆ రాత్రి నేనును పోరాదని నిశ్చయించితిని. తెల్లవారి ఆలోచింపగా, అది నాకు సులభమైన దారి మాత్రమేనని తోచెను. నేను మానినచో అతనికి కలుగు మేలేమి? మా గురువులలో ముగ్గురు గతించిరి. మిగిలినవారిని మరి పదేండ్లకు చూడగలమని ఎవరు చెప్పగలరు?

కావున నిర్వాహకులకు జాబు వ్రాసితిని. చందా ఎవరి శక్తికొలది వారు మూసిన కవరులో ఈయవలయుననియు, వేదికపై గురువులు తప్ప మరెవరును కూర్చుండరాదనియు, ఉద్యోగముల ప్రసంగము మాని పాత హాజరుపట్టీ వరుసను పేర్లు పిలువవలయుననియు కోరితిని. అన్నిటికి సమ్మతించిరి. చొక్కాలు మాత్రము అప్పటికే కుట్టనిచ్చిరట! మా పెద్దలు చదువునాడు మాది కర్నూలు జిల్లా. 1970లో ఒంగోలు జిల్లా అయి, 1972లో ప్రకాశము పేరు దాల్చినది. హాజరుపట్టీలోని పేర్ల వరుసను మాత్రము ఏ ప్రభుత్వమును మార్చలేదు.

ఆ పట్టీలో నా పేరు తరువాతి పేరు అతనిదే. కనుమనాడు ఉదయము ఏడు గంటలకు గిద్దలూరు బస్టాండులో కాచుకొని యుందుననియు, అక్కడినుండి కొమరోలుకు కలిసి పోవుదమనియు చెప్పితిని. "చూద్దాంలే" అనెను. ఈ మారు "సారూ" అనలేదు. "ఒరే" అనియు అనలేదు.