పచ్చడి పోయింది, రశీదు ఉందా?
విదేశీ కొరియర్‌పై తరచూ అడిగే ప్రశ్నలు

ఎండలు ముదిరి, ఆవకాయ కలిపి, జాడీలో ఊట దిగిందంటే మన ఊళ్లలో కొరియర్ కొట్ల ముందు సందడి మొదలవుతుంది. పచ్చళ్లు, కారప్పొడులు, అరిసెలు, మనవరాలికి పట్టులంగా, కొడుకు మరిచిపోయిన సర్టిఫికెట్లు. తూకం వేస్తారు, డబ్బు కడతాం, 'వారంలో చేరుతుందమ్మా' అంటే తలూపి ఇంటికొస్తాం. పెట్టె సవ్యంగా చేరితే రశీదు ఎక్కడ పెట్టామో కూడా గుర్తుండదు. చేరకపోతే మాత్రం ఆ కాగితమే దిక్కు. దాని మీద ఏం రాశారు, ఎంత విలువ వేశారు, కింద ఎవరు సంతకం పెట్టారు అన్నదాన్ని బట్టే మన హక్కు ఎంతో తేలుతుంది.

విదేశీ కొరియర్‌కి అసలు ఏ చట్టం వర్తిస్తుంది?

ముఖ్యంగా రెండు. మొదటిది 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం. విమానంలో దేశాలు దాటే సరుకు పోయినా, పాడైనా, ఆలస్యమైనా రవాణాదారు బాధ్యత ఎంతో చెప్పేది ఇదే. మన దేశం 2009లో ఇందులో చేరింది, 1972 నాటి విమాన రవాణా చట్టంలో దీన్ని కలిపింది. రెండోది 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం. ఇది 2020 జులై 20 నుంచి అమల్లో ఉంది. డబ్బు తీసుకుని సేవలో లోపం చేసినవాళ్లను మన జిల్లాలోనే నిలదీసే దారి ఇది చూపిస్తుంది.

వారంలో అన్నారు, మూడు వారాలైంది. పెట్టె ఆలస్యమైనట్టా, పోయినట్టా?

చేరాల్సిన తేదీ దాటి ఏడు రోజులైనా రాకపోతే, పోయిన సరుకుకు అడిగినట్టే నష్టపరిహారం అడగవచ్చు. కంపెనీ తనంతట తాను 'పోయింది' అని ఒప్పుకునేదాకా ఆగనక్కర్లేదు. చిక్కంతా 'చేరాల్సిన తేదీ' దగ్గరే ఉంది. అది నోటిమాటగా ఉంటే రుజువు చేయడం కష్టం. అంచనా తేదీని రశీదు మీద రాయించుకోవాలి, లేదా వాట్సాప్‌లోనైనా పెట్టమనాలి.

ట్రాకింగ్ నాలుగైదు రోజులు కదలకుండా ఉంటే ఫోన్లతో సరిపెట్టకండి. వేబిల్ (కంపెనీ ఇచ్చే రవాణా పత్రం) నంబరు వేసి, పెట్టె ఎక్కడుందో వెతికి చెప్పమని ఈమెయిల్ పెట్టండి. ఫోన్లో ఎన్నిసార్లు బతిమాలినా అది రికార్డులోకి ఎక్కదు.

పోతే ఎంత ఇస్తారు?

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. పెట్టెలో ఏముందన్నదానికంటే పెట్టె బరువెంత అన్నదే ముందు లెక్కకొస్తుంది. ఒప్పందం ప్రకారం గరిష్ఠ బాధ్యత కిలోకి ఇన్ని ఎస్‌డీఆర్‌లని ఉంటుంది. ఎస్‌డీఆర్ అంటే అంతర్జాతీయ ద్రవ్య నిధి వాడే లెక్క. డాలరు, యూరో, యువాన్, యెన్, పౌండు కలిపి దాని విలువ కడతారు. మొదట్లో కిలోకి 17 ఉండేది. 2019 డిసెంబర్ 28 నుంచి 22, 2024 డిసెంబర్ 28 నుంచి 26 అయింది.

5 కిలోల పెట్టె పోయిందనుకుందాం. 26 చొప్పున 130 ఎస్‌డీఆర్‌లు. రూపాయల్లో పదిహేను వేల పైచిలుకు. అందులో ఉన్నవి పచ్చళ్లయితే నష్టం ఈ హద్దులోనే తీరిపోతుంది. నలభై వేల కంచిపట్టు చీర ఉంటే, చేతికొచ్చేది కొంతే. ఇది గరిష్ఠ పరిమితి మాత్రమే, అడగగానే చేతిలో పెట్టే మొత్తం కాదు. నిజంగా జరిగిన నష్టాన్ని బిల్లులతో చూపాలి.

మనకు అనుకూలమైన మాటా ఒకటుంది. ఒప్పందం పెట్టిన పరిమితికంటే తక్కువే ఇస్తామని కంపెనీ రాసుకునే షరతు చెల్లదు.

ఖరీదైన వస్తువు పంపాలంటే మరి దారేమిటి?

ఫారంలో 'విలువ' అనే మాట మూడు అర్థాల్లో వస్తుంది. మూడింటినీ ఒకటే అనుకోవడం వల్లే చాలామంది నష్టపోతారు.

మొదటిది కస్టమ్స్ విలువ. సుంకం లెక్కకోసం రాసేది. రెండోది రవాణాకు ప్రకటించిన విలువ. పెట్టె అప్పగించేటప్పుడే దీన్ని ప్రత్యేకంగా ప్రకటించి, వాళ్లడిగిన అదనపు రుసుము కడితే కిలోల లెక్క పక్కకి పోతుంది. బాధ్యత ఆ ప్రకటించిన మొత్తం దాకా పెరుగుతుంది. మూడోది బీమా. అది వేరే ఒప్పందం, దాని షరతులు దానివి. తిండి పదార్థాలు, గాజు, నగలు లాంటివాటికి వర్తిస్తుందో లేదో కట్టేముందే అడగాలి.

'సుంకం పడకుండా పది డాలర్లని రాసేద్దాం సార్' అనే సలహా కౌంటర్ దగ్గర తరచూ వినిపిస్తుంది. అది తప్పుడు ప్రకటన, పట్టుబడితే పెట్టె ఆగిపోతుంది. పైగా రేపు పెట్టె పోతే, పది డాలర్లని రాసి సంతకం పెట్టింది మీరే కదా అని మీ కాగితాన్నే మీకు చూపిస్తారు.

వేబిల్ వెనక చీమతలకాయంత అక్షరాల్లో ఏవో షరతులున్నాయి. చదవకుండా సంతకం పెట్టాను. అవి నన్ను కట్టిపడేస్తాయా?

మాంట్రియల్ పరిమితికంటే తగ్గించే షరతు తప్ప, చాలావరకు కట్టిపడేస్తాయి. మన దేశం ఆ ఒప్పందంలో చేరకముందు, 1996లో భారతి నిట్టింగ్ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు ముందుకు ఇదే ప్రశ్న వచ్చింది. జర్మనీకి పంపిన కాగితాలు చేరలేదు. రాష్ట్ర కమిషన్ నాలుగు లక్షల రూపాయలకు పైగా ఇప్పించమంది. సంతకం చేసిన పత్రంలో బాధ్యత 100 డాలర్లని ఉంది కాబట్టి జాతీయ కమిషన్ దాన్ని అంతకే తగ్గించింది. సుప్రీంకోర్టు ఆ తగ్గింపునే సమర్థించింది.

సంతకమే లేకపోతే, షరతులున్న కాగితం అసలు మీ చేతికే ఇవ్వకపోతే, వాటికి నేను ఒప్పుకోలేదని వాదించే వీలుంటుంది. అందుకే మీకిచ్చిన ప్రతిని ముందూ వెనకా ఫొటో తీసి దాచుకోండి. మరీ ఏకపక్షంగా ఉన్న షరతులను అన్యాయమైన ఒప్పందాలుగా ప్రకటించి రద్దు చేసే అధికారం 2019 చట్టం రాష్ట్ర, జాతీయ కమిషన్లకు ఇచ్చింది. జిల్లా కమిషన్‌కు ఆ అధికారం లేదు.

కస్టమ్స్‌లో ఆగిపోయిందంటున్నారు. కొరియర్ వాళ్లను అడగొచ్చా?

ఎందుకు ఆగిందన్నదాన్ని బట్టి ఉంటుంది. సరుకు దేశంలోకి వచ్చేటప్పుడు, వెళ్లేటప్పుడు ప్రభుత్వ అధికారులు తీసుకున్న చర్యవల్ల నష్టం జరిగితే రవాణాదారుకు బాధ్యత లేదు. అమెరికాకు చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి, పచ్చి కరివేపాకు పంపి, అక్కడ పారేశారని కొరియర్ మీద కేసు వేస్తే నిలవదు. దుబాయ్‌కి గసగసాలు పంపితే పోయేది పెట్టె ఒక్కటే కాదు. అక్కడ అవి నిషిద్ధం, పెట్టె అందుకున్నవాళ్ల మెడకు చుట్టుకుంటాయి.

కాగితాలు తప్పు నింపింది, ఇన్‌వాయిస్ జత చేయనిది కొరియర్ వాళ్లే అయితే కథ వేరు. అది సేవా లోపం. వాళ్లే జవాబు చెప్పాలి.

అమెరికా విషయంలో రెండు సంగతులు. ఇంట్లో చేసి, బహుమతిగా ఒక మనిషి మరో మనిషికి పంపే తిండికి అక్కడి ఆహార శాఖ అడిగే ముందస్తు నోటీసు నుంచి మినహాయింపు ఉంది. కొట్లో కొన్న స్వీటుకు ఆ మినహాయింపు వర్తించదు. అందుకే 'ఫుడ్ ఐటమ్స్' అని రాసి ఊరుకోకుండా 'ఇంట్లో చేసిన మామిడి ఆవకాయ, 2 కిలోలు' అని విడమరచి రాయించండి. రెండోది, 800 డాలర్లలోపు సరుకుకు సుంకం లేదన్న వెసులుబాటును అక్కడి ప్రభుత్వం 2025 ఆగస్టు 29 నుంచి ఆపేసింది. ఈ సుంకాలు తరచూ మారుతున్నాయి. పంపే రోజున లెక్క ఎంత, దాన్ని కట్టేదెవరు అన్నది ముందే అడగాలి. అందుకునేవాళ్లు కట్టకపోతే తిరుగు రవాణా ఖర్చు పంపినవాళ్ల మీదే వేసే కంపెనీలు చాలా ఉన్నాయి.

'డెలివర్డ్' అని చూపిస్తోంది. మా అమ్మాయి రాలేదంటోంది.

ముందు ఆ అపార్ట్‌మెంట్ ఆఫీసులో, పక్కింట్లో వాకబు చేయించండి. ఆ రోజే కంపెనీకి రాసి డెలివరీ రుజువు అడగండి: ఎవరు సంతకం చేశారు, గుమ్మంలో పెట్టిన ఫొటో ఉందా, ఏ అడ్రసులో పెట్టారు అని. ఫొటోలో తలుపు వేరేదైతే మీ వాదన సగం గెలిచినట్టే. సంతకం లేకుండా గుమ్మంలో పెట్టి వెళ్లడానికి మీరే ఒప్పుకుని ఉంటే కష్టం. విలువైన పెట్టెకు నాలుగు డబ్బులు ఎక్కువైనా సంతకం తీసుకునే డెలివరీయే మేలు.

నూనె కారి చీరలన్నీ పాడయ్యాయి. ఎన్నాళ్లలో చెప్పాలి?

పెట్టె అందిన 14 రోజుల్లోపు రాతపూర్వకంగా చెప్పాలి. ఆలస్యం మీద ఫిర్యాదైతే 21 రోజులు. గడువు దాటితే దావా నిలవదు. మాట్లాడకుండా తీసుకుంటే పెట్టె బాగానే అందినట్టు లెక్క. కాబట్టి అట్ట తడిసి ఉంటే విప్పకముందే ఫొటో తీయాలి. పాడైన సరుకునూ పెట్టెనూ పారేయకూడదు.

ప్యాకింగ్ మీరు చేసి, అది సరిగా లేకపోవడంవల్లే కారిందని తేలితే కంపెనీ తప్పించుకుంటుంది. ప్యాకింగ్ ఛార్జి తీసుకుని వాళ్లే కట్టి ఉంటే ఆ సాకు చెల్లదు. బిల్లులో 'ప్యాకింగ్' అనే పద్దు విడిగా ఉండేలా చూసుకోండి.

పెళ్లి చీర ముహూర్తం దాటాక చేరింది. ఆ బాధకు ఖరీదుందా?

ఆలస్యంవల్ల జరిగిన నష్టానికి రవాణాదారు బాధ్యుడే. అయితే తాను తీసుకోదగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నానని రుజువు చేసుకుంటే బయటపడతాడు. పరిమితి కూడా ఆ కిలోల లెక్కే. అక్కడ అప్పటికప్పుడు మరో చీర కొన్న బిల్లు నష్టానికి రుజువుగా పనికొస్తుంది. మనసు కష్టపెట్టుకున్నందుకు ఒప్పందంలో పద్దు లేదు. తేదీ తప్పకూడని వస్తువును ముహూర్తానికి మూడు రోజుల ముందు పంపి చట్టం మీద భారం వేయకండి.

మా ఊరి ఏజెంటు 'నాకేం సంబంధం, పై కంపెనీని అడగండి' అంటున్నాడు.

మీ దగ్గర డబ్బు తీసుకుని తన పేరిట రశీదు ఇచ్చాడంటే సంబంధం ఉన్నట్టే. ఒప్పందం చేసుకున్న రవాణాదారు ఒకరు, నిజంగా మోసినవారు మరొకరు అయినప్పుడు ఇద్దరిలో ఎవరిమీదైనా, ఇద్దరిమీదా కలిపైనా దావా వేయవచ్చని మాంట్రియల్ ఒప్పందమే చెబుతోంది. ఫిర్యాదులో ఇద్దరినీ చేర్చండి. చాలామంది ఏజెంట్లు ఊళ్లో పోగైన పెట్టెలను తమ పేరిట పెద్ద కంపెనీకి అప్పగిస్తారు. అందుకే ఏజెంటు రశీదుతో ఆగకుండా, అసలు కంపెనీ వేబిల్ నంబరూ ప్రతీ అడిగి తీసుకోవాలి.

పోస్టాఫీసులో పంపితే?

దారి పూర్తిగా వేరు. తపాలా వస్తువులకు, పంపినవారికీ విమాన సంస్థకూ మధ్య మాంట్రియల్ ఒప్పందం పనిచేయదు. 2024 జూన్ 18న అమల్లోకి వచ్చిన పోస్టాఫీసు చట్టం, నిబంధనల్లో చెప్పిన మేరకు తప్ప తపాలా శాఖకు బాధ్యత లేదంటోంది. విదేశీ పార్శిల్ మీద విచారణ కోరాలంటే పోస్టు చేసిన ఆరు నెలల్లోపు అడగాలి.

నేను ఇంట్లో పచ్చళ్లు చేసి విదేశాలకు అమ్ముతాను. నేనూ వినియోగదారునేనా?

వ్యాపారం కోసం సేవ వాడుకునేవాళ్లు వినియోగదారుల రక్షణ చట్టం కిందికి రారు. అయితే స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసమే చేసేవాళ్లు మినహాయింపు కోరి వాదించవచ్చు. మనుషుల్ని పెట్టుకుని పెద్దఎత్తున ఎగుమతి చేసేవారు సివిల్ కోర్టుకు వెళ్లాల్సిందే.

ఫిర్యాదు ఎక్కడ, ఎలా?

మొదట కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయండి. పలకకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. మీరు ఉండే జిల్లాలోనే వేయవచ్చు, కంపెనీ ముంబయిలో ఉన్నా సరే. సేవకు మీరు కట్టిన సొమ్ము ఐదు లక్షల్లోపైతే రుసుము లేదు. ఇక్కడ చూసేది మీరు కట్టిన కొరియర్ ఛార్జి, పోయిన వస్తువు ఖరీదు కాదు. లాయరు తప్పనిసరి కాదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. మాంట్రియల్ ఒప్పందం, వినియోగదారుల చట్టం రెండింటి కిందా గడువు రెండేళ్లే.

'మీ పార్శిల్‌లో డ్రగ్స్ దొరికాయి' అని ఫోన్ వచ్చింది.

పెట్టేయండి. పోలీసులు వీడియో కాల్‌లో అరెస్టు చేయరు. డబ్బు పంపి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయండి. సుంకం కట్టమని వచ్చే లింకులదీ ఇదే కథ. వేబిల్ నంబరు చేతిలో పట్టుకుని కంపెనీ సైటులోకి మీరే వెళ్లి చూసుకోండి.

ఇవన్నీ గుర్తుపెట్టుకోలేం. కౌంటర్ దగ్గర ఏం చేస్తే చాలు?

- పెట్టె మూయకముందు లోపలి సరుకు ఫొటో, మూశాక తూకం ముల్లు ఫొటో.
- ప్రతి వస్తువూ పేరుపేరునా, నిజమైన విలువతో.
- చేరే తేదీ రాతలో.
- ఖరీదైనదైతే రవాణాకు ప్రకటించిన విలువ, దానికి కట్టిన రుసుము బిల్లులో.
- అసలు కంపెనీ వేబిల్ ప్రతి.

వెనక నిలబడ్డవాళ్లు కాస్త విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి. రేపు పెట్టె తప్పిపోతే మీ తరఫున మాట్లాడేవి ఈ కాగితాలే.