తలుపు తెరిచే జాగ

నల్లగొండ నుంచి, పాలమూరు నుంచి పట్నం పోయే పెద్ద బండ్లు ఇప్పుడు మస్తు పెరిగినయి. హైవే మీద వాటిని నడుపుడు పెద్ద పనేం కాదు. అసలు కష్టం మలక్‌పేటలనో, సోమాజిగూడలనో దవాఖాన సెల్లార్ ముంగట మొదలైతది. ఏండ్ల తరబడి ఈ తొవ్వల స్టీరింగ్ పట్టినోణ్ని. కొత్తగ పెద్ద బండి కొన్న తమ్ముళ్లకు, బిడ్డలకు పనికొస్తయని ఈ మాటలు రాస్తున్న.

1. నీ బండి కొలతలు నోటికి రావాలె. ఫార్చ్యూనర్ వెడల్పు 1,855 మిల్లీమీటర్లు, స్కార్పియో-ఎన్ 1,917. పక్క అద్దాలు కలిపితే రెండు మీటర్లు దాటుతది. మన సెల్లార్లల్ల చాలా చోట్ల గీతలు రెండున్నర మీటర్లకు గీస్తరు. స్కార్పియో-ఎన్‌ను సరిగ్గ నడుమ పెట్టినా ఒక్కో పక్క అడుగు జాగ కూడ మిగలదు. బండి పట్టింది గదా అని సంబురపడితే కాదు, మనిషి దిగాలె.

2. పెద్దోళ్లను ముందుగాల దింపు. అన్నిట్ల నేను గట్టిగ చెప్పేది ఇదే. మన జిల్లాలల్లకెళ్లి పట్నం పోయే బండ్లల్ల చాలా దవాఖానకే పోతయి. వెనుక సీట్ల మోకాళ్లు నొచ్చే అమ్మ ఉంటది, కొత్తగ ఆపరేషనైన నాయిన ఉంటడు. బండి ఎత్తు ఎక్కువ. ఫుట్‌బోర్డు మీద ఒక కాలు పెట్టి, తలుపు పట్టుకొని, మెల్లగ తిరిగి దిగాలంటే తలుపు నిండుగ తెరవాలె. సెల్లార్‌ల ఆ జాగ యాడిది? చీకట్ల రెండు బండ్ల సందుల నుంచి వాళ్లను గుంజుడు మహాపాపం. మెయిన్ డోర్ కాడ ఆపి, తోడుగ ఒకర్ని దింపి, వాళ్లు లోపల కూసున్నంకనే కిందికి పో. వెనుక బండి హారన్ కొడితే కొట్టనియ్యి.

3. రివర్స్‌లనే పెట్టు. తిరిగేటివి ముందు చక్రాలు. వెనుక భాగం గీతల నడుమకు చేరినంక ముందు చక్రాలు ఇంకా ఖుల్లా జాగల్నే ఉంటయి కాబట్టి, అటు ఇటు కోసి బండిని సక్కగ చేసుకోవచ్చు. ముందుకు దూరితే ఆ వీలుండదు. పిల్లర్ పక్క నుంచి ముందుకు తిప్పేటప్పుడు ఇంకో సంగతి యాదిల పెట్టుకో: ముందు చక్రం పోయిన దారిల వెనుక చక్రం రాదు. ఫార్చ్యూనర్ చక్రాల నడుమ దూరం 2,745 మిల్లీమీటర్లు. స్టీరింగ్ పూర్తిగ కోస్తే వెనుక చక్రం రెండడుగుల కంటె ఎక్కువే లోపలికి కోసుకొని వస్తది. పిల్లర్ తప్పినట్టే ఉంటది, వెనుక తలుపు గీసుకపోతది. పిల్లర్ నీ భుజం దాటినంకనే తిప్పు.

4. సెన్సార్‌ను నమ్ము, కాని దాని మీదనే భారం వెయ్యకు. 2019 జులై నుంచి కొత్త కార్లన్నిటికీ వెనుక సెన్సార్లు తప్పనిసరి చేసిన్రు. మంచి పని. అయితే సన్నటి ఇనుప రాడు, కురచటి కడీ దానికి అందకపోవచ్చు. చెల్కల నుంచి వచ్చిన బండికి కెమెరా మీద ఎర్రదుమ్ము పేరుకుంటది, తుడువు. ఇంటి కాడ వాకిట్ల రివర్స్ తీసేటప్పుడు దిగి ఒకపారి బండి సుట్టు తిరిగి చూడు. చిన్నపిల్లలు బంపర్ కంటె కురచగ ఉంటరు, అద్దంల కనబడరు. పిల్లలు ఎవరి చంకల ఉన్నరో కండ్లార చూసినంకనే గేరు వెయ్యాలె.

5. పైన క్యారియర్ కట్టి ఉంటే సెల్లార్ ఎత్తు బోర్డు చదువు. బోర్డు రాసినంక కింద పైపులు బిగించిన చోట్లు గూడ ఉంటయి.

6. సెల్లార్‌ల ఇంజన్ నడిపిచ్చుకుంట ఏసీల పండుకోవద్దు. మావోళ్లు దవాఖానల ఉన్నరని డ్రైవర్లు గంటలకు గంటలు కిందనే ఉంటరు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, రంగు లేదు; నిద్రల్నే పానం తీస్తది. పైకొచ్చి చెట్టు కింద కూసో.

7. చెర్వుగట్టు మీద అమాస నాడు, మన్యంకొండ జాతర నాడు ఏటవాలు మీద ఆపాల్సొస్తది. ఎక్కుడు దిక్కు మూతి ఉంటే ఫస్ట్ గేరు, దిగుడు దిక్కుంటే రివర్స్ గేరు. హ్యాండ్‌బ్రేక్ గట్టిగ గుంజి, చక్రానికి రాయి పెట్టు. ఆటోమేటిక్ బండైతే ముందుగాల హ్యాండ్‌బ్రేక్, తర్వాత పార్క్. మళ్ల బండి తీసేటప్పుడు రాయి తీసి పక్కకు పెట్టు, నడిరోడ్డు మీద ఇడిసిపోకు.

8. పక్కోని జాగ తినకు. ప్యారిస్‌ల 2024 ఫిబ్రవరిల పెద్ద బండ్ల పార్కింగ్ రేటు మీద జనంతోని ఓటేయించిన్రు. అక్టోబర్ నుంచి బయటినుంచి వచ్చే 1.6 టన్నులు దాటిన పెట్రోల్, డీజిల్ బండ్లకు నగరం నడుమ పార్కింగ్ గంటకు 18 యూరోలు చేసిన్రు. పెద్ద బండి పదిమంది జాగ తింటదని అక్కడోళ్లకు సమజైంది, మనకూ సమజు కావాలె. నల్లగొండ ప్రకాశం బజార్‌లకు, పాలమూరు క్లాక్ టవర్ కాడికి పండుగ బేరాలప్పుడు ఆ బండి తీసుకపోకు. ఖుల్లా మైదానంల పెట్టి ఆటోల పో.

9. షాపింగ్ సెల్లార్లల్ల వాచ్‌మెన్ “న్యూట్రల్‌ల పెట్టి, హ్యాండ్‌బ్రేక్ తీసిపో సార్, మేం జరుపుకుంటం” అంటడు. చిన్న కారుకు నడుస్తది. రెండు టన్నుల బండిని ఒక ముసలాయన నూకలేడు. వాలు ఉంటే ఆపలేడు. ఎవరి బండికన్న అడ్డం పెట్టక తప్పకపోతే తోడొచ్చినోళ్లను లోపలికి పంపి, తాళం చేతుల పట్టుకొని నువ్వు బండి కాడనే ఉండు.